తలకు కరెంటు ఇచ్చే టోపీ కడతారా? ముందు సిగ్నల్ సంగతి చూడండి

ప్రశ్న: మేం నలుగురం బీటెక్ ఈసీఈ ఫైనలియర్. ప్రాజెక్టుగా ఒక టోపీ తయారుచేద్దామనుకుంటున్నాం. అది ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలు) చదివి, ఏకాగ్రత తగ్గిందని తెలియగానే టీడీసీఎస్ పద్ధతిలో (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడుకు సన్నటి డీసీ కరెంటు ఇవ్వడం) తలకు 2 మిల్లీఆంపుల కరెంటు ఇవ్వాలి. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్), నీట్ పిల్లలకు పనికొస్తుందని ఆలోచన. చేతిలో 40 వేల రూపాయలు, ఆరు నెలల టైము ఉన్నాయి. కరెంటు సర్క్యూట్ 9 వోల్టుల బ్యాటరీ, ఎల్ఎం334 (స్థిరమైన కరెంటు ఇచ్చే చిప్) పెట్టి కట్టేశాం, పని చేస్తోంది. హాస్టల్లో జూనియర్ల మీద పరీక్షించి రీడింగులు తీసుకోవాలని ఉంది. ఈఈజీకి ఏ చిప్ తీసుకోవాలి? ఎలా మొదలుపెట్టాలి?
— గుంటూరు జిల్లా నుంచి ఒక ఫైనలియర్ బ్యాచ్

సమాధానం: ముందు జూనియర్ల మాట. ఆ సర్క్యూట్‌ని వాళ్ళ తలకే కాదు, మీ నలుగురిలో ఎవరి తలకీ పెట్టకండి. మల్టీమీటర్ 2 మిల్లీఆంపులు చూపించడం వేరు, తడి స్పాంజి కింద చర్మం మీద 20 నిమిషాలు అదే కరెంటు సమంగా నిలబడటం వేరు. ప్రాజెక్టు మానుకోమనడం లేదు, రెండు ముక్కలు చేసుకోమంటున్నాం. ఈఈజీ వైపు చివరిదాకా కట్టండి, మీ గైడ్ ఎదుట మీ తలల మీదే చూడండి. కరెంటు వైపూ కట్టండి, కానీ దాని ముందు తల బదులు రెసిస్టర్లే ఉండాలి. ఈ రెంటినీ కలిపే లూపు మాత్రం ఈసారికి వద్దు.

లూపు వద్దనడానికి భయం ఒక్కటే కారణం కాదు. ఏకాగ్రత తగ్గితే ఆన్, వస్తే ఆఫ్ అన్న ఆలోచనే టీడీసీఎస్ స్వభావానికి సరిపడదు. జర్మనీలోని గొట్టింగెన్‌లో నిట్షే, పౌలస్ 2000లో మోటార్ కార్టెక్స్ (కదలికలను నడిపే మెదడు భాగం) మీద 1 మిల్లీఆంపుతో చేసిన పరిశోధనతో ఈ పద్ధతికి మళ్ళీ ఊపొచ్చింది. 9 నుంచి 13 నిమిషాలు కరెంటు ఇస్తే, ఆపేసిన తర్వాత కూడా దాని ప్రభావం గంటన్నర దాకా ఉండొచ్చని మరుసటి ఏడాది వాళ్ళే చూపించారు. క్షణక్షణం మారే ధ్యాసను అలాంటిదానితో పట్టుకోవాలనుకోవడం కుదిరే పని కాదు. ఇంకొకటి: 2013లో గొట్టింగెన్ బృందమే కాథోడ్ (నెగెటివ్ ఎలక్ట్రోడ్) కింద 2 మిల్లీఆంపులు 20 నిమిషాలు ఇచ్చి చూసింది. 1 మిల్లీఆంపుతో తగ్గే ఉత్తేజం అక్కడ తగ్గకపోగా పెరిగింది. డోసు పెంచితే ఫలితం పెరుగుతుందన్న హామీ లేదు, తిరగబడనూ వచ్చు. 2018లో మృతదేహాల తలల్లో ఎలక్ట్రోడ్లు దించి కొలిచిన పరిశోధకులకు, పైన ఇచ్చిన కరెంటులో సుమారు 75 శాతం చర్మం, కండ, పుర్రె దగ్గరే పోతోందని తేలింది. ఇంత తికమక ఉన్నచోట మీ ఆరు నెలల్లో ఏకాగ్రత పెరిగిందని నిరూపించడం జరిగే పని కాదు.

ఇప్పుడు మీ ఎల్ఎం334 సర్క్యూట్‌కి వద్దాం. ఆ చిప్ కరెంటు ఉష్ణోగ్రతతో డిగ్రీకి 0.33 శాతం చొప్పున పెరుగుతుంది. 25 డిగ్రీల ల్యాబ్‌లో సరిచేసిన 2 మిల్లీఆంపులు, 40 డిగ్రీల మే నెల గదిలో 2.1 అవుతాయి. అది చిన్న సంగతే. అసలు తంటా వోల్టేజీతో. స్పాంజీల దగ్గర మొత్తం నిరోధం 4 కిలో ఓమ్‌లుంటే 2 మిల్లీఆంపులకు 8 వోల్టులు కావాలి. చిప్‌కి ఇంకో వోల్టు దాకా పోతుంది. అంటే కొత్త బ్యాటరీకే సరిహద్దు. స్పాంజి కాస్త ఆరి నిరోధం 7 కిలో ఓమ్‌లకు చేరిందా, కరెంటు దాదాపు 1.1 మిల్లీఆంపులకు పడిపోతుంది. బోర్డు మీద ఎల్ఈడీ మాత్రం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. ఎంత ఇచ్చారో మీకే తెలియదు. అది చూసి చాలామంది రెండో బ్యాటరీ సిరీస్‌లో తగిలిస్తారు. అప్పుడు తల కదిలి స్పాంజి ఒక్క క్షణం విడిపోయి మళ్ళీ తగిలితే, సోర్సు పూర్తి 18 వోల్టులతో కాచుకుని ఉంటుంది. కళ్ళ ముందు మెరుపు, నెత్తి మీద షాక్.

కాలిన గాయాలు కూడా 2 మిల్లీఆంపులకే వస్తాయి. మామూలుగా వాడే 5 × 7 సెంటీమీటర్ల స్పాంజి మీద అది చదరపు సెంటీమీటరుకు 0.057 మిల్లీఆంపు. స్పాంజి సగం ఆరి, ఒక మూల 5 చదరపు సెంటీమీటర్లు మాత్రమే ఆనిందనుకోండి, 0.4 అవుతుంది, ఏడింతలు. పైగా డీసీ కాబట్టి ఎలక్ట్రాలిసిస్ జరుగుతుంది. ఆనోడ్ (పాజిటివ్ ఎలక్ట్రోడ్) దగ్గర ఆమ్లం, కాథోడ్ దగ్గర క్షారం పుడతాయి. అందుకే రబ్బరు గానీ లోహం గానీ నేరుగా చర్మానికి తగలకూడదు. స్పాంజిని కుళాయి నీళ్ళతో తడిపి, రోజూ అదే చోట పెట్టినప్పుడు చర్మం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఉప్పునీళ్ళు వాడతారని మీరు చదివే ఉంటారు. అది నిజమే, కానీ మీరు పెట్టబోయేది రెసిస్టర్లకు కాబట్టి ఆ అవసరం రాదు.

బెంచ్ మీద ఈ సోర్సుని సరిగ్గా కట్టడం దానికదే మంచి ఇంజనీరింగ్ పని. ఆప్‌ఆంప్, మాస్‌ఫెట్, 500 ఓమ్‌ల సెన్స్ రెసిస్టర్ తీసుకోండి. 2 మిల్లీఆంపులకు సెన్స్ మీద సరిగ్గా 1 వోల్టు వస్తుంది. సప్లై 20 వోల్టులకు పైన ఉండాలి. డాక్ (అంకెను వోల్టేజీగా మార్చే చిప్) నుంచి వచ్చే వోల్టేజీని 30 సెకన్లలో సున్నా నుంచి పైకి, చివర్లో 30 సెకన్లలో కిందికి దించాలి. దాంతో ఏ సంబంధమూ లేని రెండో కాపలా ఒకటి ఉండాలి: సిరీస్‌లో సుమారు 2.4 మిల్లీఆంపుల కరెంటు రెగ్యులేటర్ డయోడ్, దాని పక్కన కరెంటు హద్దు దాటగానే రిలే తెరిచే కంపారేటర్. ఫ్యూజ్ పెట్టేస్తాం అనుకోకండి, ఇంత చిన్న కరెంటుకి సమయానికి తెగే ఫ్యూజ్ దొరకదు. తర్వాత తలకు బదులు 1, 2.2, 4.7, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు మార్చిమార్చి పెట్టి ఆసిలోస్కోపులో కరెంటు గీయండి. లోడు ఊడదీసి మళ్ళీ తగిలించినప్పుడు గీత ఎంత ఎగిరిందో చూడండి. ఆఖరి పరీక్ష చాలామంది చేయరు: 2 మిల్లీఆంపులు పారుతుండగా ప్రోగ్రామును కావాలని హ్యాంగ్ చేయండి. బయట విడిగా పెట్టిన డాక్ చివరి విలువనే పట్టుకుని కూర్చుంటుంది, కరెంటు ఆగదు. వాచ్‌డాగ్ (ప్రోగ్రాము ఆగిపోతే పట్టుకునే టైమరు) దాన్ని సున్నాకు తేవాలి, అప్పుడే ఆ సోర్సు గురించి రిపోర్టులో రాయడానికి ఏదైనా ఉన్నట్టు.

ఇక మీరు అడిగిన చిప్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ ఏడీఎస్1299 తీసుకోండి. ఎనిమిది ఛానళ్ళు, 24 బిట్లు, అన్నీ ఒకే క్షణంలో శాంపిల్ అవుతాయి, ఈఈజీ కోసమే చేసిన చిప్. ఈఈజీ బోర్డులు చేసే ఓపెన్‌బీసీఐ వాళ్ళ సైటన్ బోర్డులో ఉన్నదీ ఇదే. దాని స్కీమాటిక్ బహిరంగంగా దొరుకుతుంది, పక్కన పెట్టుకుని చూడండి. ఒక్క ఛానల్‌తో చేయి తిప్పుకోవాలంటే ఢిల్లీలోని అప్‌సైడ్ డౌన్ ల్యాబ్స్ వాళ్ళ బయోఆంప్ ఎక్స్‌జీ పిల్ చవకలో వస్తుంది. మొదటి రెండు వారాలు దాంతో గడిపితే నష్టం లేదు. డబ్బంతా చిప్ మీదే పోయకండి. మంచి సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్లకు, పేస్టుకు, ఒక బోర్డు కాలిపోతే రెండోదానికి సగం మిగలాలి.

పవర్ దగ్గరే సగం బ్యాచ్‌లు ఆగిపోతాయి. అనలాగ్ వైపు 5 వోల్టులు కావాలి, 4.75 కంటే తగ్గకూడదు. నాలుగు ఏఏ ఆల్కలైన్ సెల్స్ కొత్తలో 6 వోల్టుల పైన ఇస్తాయి, కాస్త వాడాక 5.2కి దిగుతాయి. అప్పుడు మామూలు రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, బేస్‌లైన్ ఊగుతుంది, మీరు కోడ్‌లో బగ్ వెతుక్కుంటూ కూర్చుంటారు. డ్రాపౌట్ తక్కువున్న రెగ్యులేటర్ వాడండి. రీఛార్జబుల్ సెల్స్ అయితే నాలుగుకి 4.8 వోల్టులే, ఐదు పెట్టాలి. ఈఎస్పీ32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్) వైఫై పంపే ప్రతిసారీ వందల మిల్లీఆంపులు ఒక్కసారిగా లాగుతుంది, అనలాగ్ వైపు అదే లైను మీద ఉంటే ఈఈజీలో ముళ్ళు ముళ్ళుగా కనిపిస్తుంది. దానికి వేరే రెగ్యులేటర్, వీలైతే వేరే బ్యాటరీ. ఛార్జర్‌కి తగిలించిన ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ వైరు కలిపి మనిషికి ఎలక్ట్రోడ్లు అతికించడం మాత్రం ఎప్పుడూ వద్దు. డేటా గాలిలోనే పంపండి.

చిప్ పవర్ వచ్చాక ఓ అరసెకను ఆగి రీసెట్ ఇవ్వండి. అది లేవగానే నిరంతరం డేటా పంపే మోడ్‌లో ఉంటుంది, ఆ మోడ్‌లో రిజిస్టర్లు రాయనివ్వదు. ముందు హెక్స్ 11 కమాండ్‌తో ఆపించాలి. ఇది తెలియక చిప్ పాడైందని వెనక్కి పంపేవాళ్ళున్నారు. ఎస్‌పీఐ మోడ్ 1లో ఐడీ రిజిస్టర్ చదివితే ఎనిమిది ఛానళ్ళ చిప్‌కి హెక్స్ 3ఈ రావాలి. కాన్ఫిగ్1లో హెక్స్ 96 రాస్తే సెకనుకు 250 శాంపిళ్ళు, కాన్ఫిగ్3లో హెక్స్ ఈసీ రాస్తే లోపలి 4.5 వోల్టుల రిఫరెన్సు, బయాస్ ఆంప్లిఫయర్ రెండూ ఆన్ అవుతాయి. ప్రతి ఫ్రేము 27 బైట్లు: మూడు స్టేటస్, మిగతా 24 ఎనిమిది ఛానళ్ళవి. మొదటి నాలుగు బిట్లు 1100 కాకపోతే ఫ్రేము జరిగిపోయిందని అర్థం. ప్లాట్‌లో గీత సున్నా దాటి కిందికి రాగానే కోటీ 67 లక్షలకు ఎగిరితే కంగారుపడకండి, 24 బిట్ల నెగెటివ్ అంకెను 32 బిట్లకు మార్చేటప్పుడు సైన్ బిట్ వదిలేశారు.

తల దాకా పోకముందు మూడు పరీక్షలు. మొదటిది, అన్ని ఛానల్ రిజిస్టర్లలో హెక్స్ 61 రాయండి: గెయిన్ 24, ఇన్‌పుట్లు లోపలే షార్ట్. నాయిస్ పీక్ టు పీక్ 1 మైక్రోవోల్టు దగ్గర ఉండాలి. ఐదో పదో వస్తే పవర్ గానీ గ్రౌండ్ గానీ బాగాలేదు, లేదా చిప్ నకిలీది. రెండోది, కాన్ఫిగ్2లో హెక్స్ డీ0, ఛానళ్ళలో హెక్స్ 65 రాస్తే చిప్ తనే సుమారు 1 హెర్ట్జ్ చదరపు తరంగం పుట్టిస్తుంది, మీ స్కేలింగ్ లెక్క సరిచూసుకోవచ్చు. గెయిన్ 24లో ఒక్కో మెట్టు 0.0224 మైక్రోవోల్టు. మూడోది కృత్రిమ తల. బ్యాటరీ మీద నడిచే ఇంకో ఈఎస్పీ32 డాక్ నుంచి 1 వోల్టు పీక్ టు పీక్, 10 హెర్ట్జ్ సైన్ తీసుకుని 100 కిలో ఓమ్, 10 ఓమ్ డివైడర్ గుండా పంపితే 100 మైక్రోవోల్టులు వస్తాయి. ఎలక్ట్రోడ్‌కి బదులు ఒక్కో తీగలో 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. స్క్రీన్ మీద 100 వస్తేనే ముందుకు కదలండి.

తరువాత తల. కనుబొమల మధ్య ముక్కు మొదలయ్యే గుంట నుంచి, వెనక మెడపైన చేతికి తగిలే బొడిపె దాకా నడినెత్తి మీదుగా టేపు పెట్టండి. 36 సెంటీమీటర్లొస్తే బొడిపెకు 3.6 సెంటీమీటర్ల పైన ఓజెడ్ అనే ఎలక్ట్రోడ్ చోటు. తల చుట్టుకొలత 56 అయితే దానికి అటూ ఇటూ 2.8 సెంటీమీటర్ల దూరంలో ఓ1, ఓ2. రిఫరెన్సు ఒక చెవి తమ్మెకు, బయాస్ రెండో తమ్మెకు. మిగిలిన ఛానళ్ళలో రెండు నుదుటి మీద పెట్టండి, ఎందుకో కింద తెలుస్తుంది.

మన దగ్గర ఎలక్ట్రోడ్ పేస్టుకి మొదటి శత్రువు కొబ్బరినూనె. ముందురోజు తలంటుకుని, నూనె రాయకుండా రమ్మనండి. ఇది ఏ డేటాషీటులోనూ ఉండదు. దువ్వెన తోకతో పాపిడి తీసి, తెల్లగా చర్మం కనబడే దాకా వెంట్రుకలు పక్కకు నెట్టి, రాపిడి జెల్లు దూదితో నాలుగైదు సార్లు రుద్దండి. గిన్నె ఎలక్ట్రోడ్‌ను పేస్టుతో నింపి నొక్కి, పైన గాజుగుడ్డ ముక్క వేసి టేపు అంటించండి. ఒత్తుగా జుట్టున్నవాళ్ళకు డ్రై ఎలక్ట్రోడ్లు వెనక భాగంలో నిలవవు, ప్రకటనలు చూసి కొనకండి. కాంటాక్టు సరిగా ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడొద్దు, అది పంపే డీసీ ఎలక్ట్రోడ్‌ను పోలరైజ్ చేస్తుంది. చిప్‌లోనే లీడ్-ఆఫ్ సౌకర్యం ఉంది: 6 నానోఆంపుల ఏసీ పంపితే 10 కిలో ఓమ్‌లకు సుమారు 60 మైక్రోవోల్టులు కనిపిస్తాయి. 5 నుంచి 10 కిలో ఓమ్‌ల లోపు తెచ్చుకోండి. ఒకటి వెండిది, ఒకటి బంగారు పూతది, ఒకటి స్టీలుది కలిపి వాడకండి. లోహం మారితే వాటి మధ్య వందల మిల్లీవోల్టుల డీసీ తేడా వస్తుంది, గెయిన్ 24లో చిప్ తట్టుకునేది 187.5 మిల్లీవోల్టులే.

గీతలు తేడా కొడితే ఇలా చూడండి. ఒక్క ఛానల్ చెడితే ఆ ఎలక్ట్రోడ్. అన్ని ఛానళ్ళలోనూ అచ్చం ఒకే అల వస్తుంటే చెవి దగ్గరి రిఫరెన్సు. అన్నీ ఒకేసారి పైకో కిందికో అతుక్కుపోతే బయాస్ ఊడింది. 50 హెర్ట్జ్ కమ్మేస్తే నాచ్ ఫిల్టర్ (ఆ 50 హెర్ట్జ్‌ను కోసేసేది) పెట్టకముందు తీగలన్నీ కలిపి మెలిపెట్టండి, పక్కనున్న ఛార్జర్లు పీకేయండి, ఫ్యాను రెగ్యులేటర్‌కు దూరంగా జరగండి. నాచ్ వేసేస్తే గీత అందంగా మారుతుంది గానీ చెడ్డ కాంటాక్టు అలాగే ఉంటుంది.

మొదటి నిజమైన ప్రయోగం దాదాపు వందేళ్ళ నాటిది. హాన్స్ బెర్గర్ 1929లో ప్రచురించిన పరిశోధనతో లోకానికి తెలిసిన ఆల్ఫా తరంగమే అది. 30 సెకన్లు కళ్ళు మూసి, 30 సెకన్లు తెరిచి, ఐదుసార్లు. 500 శాంపిళ్ళ కిటికీలతో, సగం సగం ఒకదానిమీదొకటి వచ్చేలా పవర్ స్పెక్ట్రమ్ తీస్తే 0.5 హెర్ట్జ్ రిజల్యూషన్ వస్తుంది. కళ్ళు మూసినప్పుడు 8 నుంచి 13 హెర్ట్జ్ మధ్య, ఎక్కువమందిలో 10 దగ్గర, ఒక గుట్ట లేవాలి. అది ఓజెడ్‌లో పెద్దదిగా, నుదుటి మీద చిన్నదిగా ఉండాలి. నుదుటి మీదే పెద్దదైతే మీరు చూస్తున్నది కనురెప్పల కదలిక. కొందరిలో ఆల్ఫా సహజంగానే తక్కువ, కాబట్టి ఒక్కడి తల చూసి బోర్డుని తిట్టకండి.

ఇప్పుడు మీ ఏకాగ్రత స్కోరు సంగతి. నుదుటి మీద ఒకటి రెండు ఎలక్ట్రోడ్లతో బీటా, తీటా (ఈఈజీలో వేగంగా, నెమ్మదిగా ఊగే తరంగాలు) నిష్పత్తి తీసి ధ్యాస శాతం చూపించే ప్రాజెక్టులు ప్రతి కాలేజీలో ఉన్నాయి. ఒక పని చేయండి. మనిషిని ఏమీ ఆలోచించకుండా కూర్చోబెట్టి, పళ్ళు కొద్దిగా బిగించమనండి, తర్వాత కనుబొమలు ముడవమనండి. స్కోరు పెరిగిందా? అయితే అది కొలుస్తున్నది కండరాలను. కండరాల సిగ్నల్ సుమారు 20 హెర్ట్జ్ నుంచి మొదలై బీటా మీద పరుచుకుంటుంది, పరిమాణంలో ఈఈజీకి చాలా రెట్లుంటుంది. లెక్కలు చేసేటప్పుడు మనిషి దవడ బిగించడం సహజం. అందుకని లెక్క చేస్తే స్కోరు పెరుగుతుంది, చూసినవాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్ల కోసం ఆల్గరిథమ్ రాయకండి. నుదుటి ఛానళ్ళు పెట్టమన్నది ఈ మోసాన్ని పట్టుకోవడానికే: 20 హెర్ట్జ్ పైన నుదుటిదగ్గర పవర్ లేచిన ముక్కల్ని తీసేసి మళ్ళీ లెక్క కట్టండి. మిగిలింది ఎంత చిన్నదైనా రిపోర్టులో రాయాల్సింది అదే.

రెండూ కలిపి ఒకేసారి నడపాలన్న కోరిక మళ్ళీ పుడితే ఈ లెక్క చూడండి. తలపై కరెంటు పారుతుంటే ఈఈజీ ఎలక్ట్రోడ్ల మధ్య 100 మిల్లీవోల్టుల తేడా వచ్చిందనుకుందాం. ఆ కరెంటులో 0.1 శాతం రిపుల్ (చిన్న హెచ్చుతగ్గు) ఉన్నా అది 100 మైక్రోవోల్టులు. మీరు వెతికే ఆల్ఫా అందులో సగం కూడా ఉండకపోవచ్చు. బూస్ట్ కన్వర్టర్ వాడే సోర్సులో 0.1 శాతం కంటే తక్కువ రిపుల్ సాధించడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. దాన్ని కృత్రిమ తల మీద కొలిచి చూపించండి, అది చక్కటి అధ్యాయం అవుతుంది.

టీఎంఎస్ (అయస్కాంత క్షేత్రంతో మెదడును ఉత్తేజపరచడం) కాయిల్ చుట్టి అయస్కాంతంతో చేద్దామా అని ఎవరైనా సలహా ఇస్తే చెవిన పెట్టకండి. 1985లో షెఫీల్డ్‌లో బార్కర్ బృందం చూపించిన ఆ పద్ధతికి కిలోవోల్టులకు ఛార్జ్ చేసిన కెపాసిటర్లు, కిలోఆంపుల కరెంటు కావాలి. మనిషికి మూర్ఛ రాకముందే కట్టినవాడి ప్రాణం మీదికొస్తుంది.

అనుమతుల విషయం. ఇప్పటివరకూ చెప్పిన ఈఈజీ పరీక్షలు మీ నలుగురి మధ్య, మీ గైడ్‌కి తెలిసి జరిగేవి. జూనియర్లను కూర్చోబెట్టి డేటా సేకరిస్తే అది మనుషుల మీద పరిశోధన, ఒట్టి ఈఈజీ అయినా ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్ళాలి. మీ కాలేజీలో కమిటీ లేకపోతే దగ్గరి మెడికల్ కాలేజీ న్యూరాలజీ లేదా సైకియాట్రీ విభాగంలో కో-గైడ్‌ను వెతుక్కోండి. సీనియర్ అడిగితే హాస్టల్లో జూనియర్ కాదనలేడు, అందుకే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు విద్యార్థుల్ని ప్రత్యేక రక్షణ అవసరమైనవాళ్ళలో చేర్చాయి. 18 నిండనివాళ్ళకు తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల అంగీకారం రెండూ కావాలి. మీరు దృష్టిలో పెట్టుకున్న ఎంసెట్ పిల్లల్లో చాలామంది ఆ వయసువాళ్ళే. తలకు కరెంటు ఇచ్చే కొత్త పరికరాన్ని మనుషుల మీద పరీక్షించాలంటే 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ కింద, పరీక్ష కోసం తయారుచేయడానికి ఎండీ-12 దరఖాస్తుతో లైసెన్సు, క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌కు ఎండీ-22 దరఖాస్తుతో అనుమతి సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) నుంచి తీసుకోవాలి. ఆరు నెలల్లో ఒక బీటెక్ బ్యాచ్‌కి అయ్యే పని కాదది.

ప్రాజెక్టు ఆమోద పత్రంలో ఇప్పటికే "ఏకాగ్రత పెంచే టోపీ" అని ఉంటే, మొదటి రివ్యూకి ముందే మార్పించుకోండి. "ఎనిమిది ఛానళ్ళ ఈఈజీ రికార్డరు, డమ్మీ లోడుపై పరీక్షించిన స్థిర కరెంటు సోర్సు" అని పెడితే, వైవాలో అడిగే ప్రతి ప్రశ్నకూ మీ దగ్గర కొలిచిన అంకె ఉంటుంది.